చెరువుకి వల కట్టాం, మెయిల్‌కి తాళం వేయలేదు

భీమవరం పక్కన ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ ఉంది, పేరొద్దు. వాళ్ల కంప్యూటర్లకి ఏదైనా అయితే నన్ను పిలుస్తారు, అంతవరకే నా సంబంధం. ఒక శనివారం మధ్యాహ్నం అక్కడి అకౌంటెంట్ గారు ఫోన్ చేసి, "తమ్ముడూ, ఓసారి వచ్చి వెళ్లు, బయ్యరేమో డబ్బులేశానంటున్నాడు, మనకేమో పడలేదు" అన్నారు. ఇది బ్యాంకు పని కదా, నాకెందుకు ఫోన్ అనుకుంటూనే వెళ్లాను. బయ్యర్ పంపిన స్విఫ్ట్ కాపీ, అంటే విదేశీ బ్యాంకు నుంచి డబ్బు పంపినట్టు చూపే కాగితం, ప్రింట్ తీసి బల్ల మీద పెట్టారు. అందులో కంపెనీ పేరు వీళ్లదే, డాలర్లలో మొత్తం సరిగ్గా ఉంది. అకౌంట్ నంబర్ వీళ్లది కాదు, బ్యాంకూ వీళ్లది కాదు, అసలు ఆ బ్యాంకున్న దేశంతో వీళ్లకి ఎప్పుడూ లావాదేవీయే లేదు.

ఆ అకౌంట్‌కి వేయమన్నది మీరే కదా అంటూ బయ్యర్ ఆ మెయిల్ కూడా తిరిగి పంపాడు. చదివితే నాకే ముచ్చటేసింది. ఇన్వాయిస్ నంబర్ కరెక్ట్, కంటైనర్ నంబర్ కరెక్ట్, ఏ కౌంట్ (రొయ్య సైజు) ఎన్ని కార్టన్లో కరెక్ట్, చివర్లో మన అకౌంటెంట్ గారు అలవాటుగా రాసే "విత్ వార్మ్ రిగార్డ్స్ సర్" కూడా అలాగే ఉంది. మెయిల్ అడ్రస్‌లో మాత్రం కంపెనీ పేరులో "ఎం" ఉండాల్సిన చోట "ఆర్", "ఎన్" పక్కపక్కన ఉన్నాయి. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఆ రెండూ అతుక్కుంటే ఎం లాగే కనపడతాయి, కళ్లజోడు తుడుచుకుని చూసినా తేడా దొరకదు.

మెయిల్ సెట్టింగులు తెరిచాక అసలు సంగతి బయటపడింది. అక్కడ ఎవరూ పెట్టని రూల్స్ రెండున్నాయి. ఇన్వాయిస్, పేమెంట్, బ్యాంక్ అన్న మాటలు కనిపించిన ప్రతి మెయిలూ బయట ఎవడిదో అడ్రస్‌కి ఒక కాపీ పోతోంది. ఆ ఒక్క బయ్యర్ దగ్గర్నుంచి వచ్చేవి మాత్రం ఇన్‌బాక్స్‌లో కనపడకుండా, ఎవరూ జన్మలో తెరవని ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ అనే ఫోల్డర్‌లోకి జారిపోతున్నాయి. లాగిన్ల చిట్టా చూస్తే వాడు మొదట లోపలికొచ్చి అప్పటికి ఏడు వారాలు. షిప్పింగ్ లైన్ పేరుతో "బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్ చూసుకోండి" (సరుకు ఓడకెక్కిందనే కాగితం) అని ఒక లింక్ వచ్చిందట, నొక్కితే మెయిల్ పాస్‌వర్డ్ మళ్లీ అడిగిందట, కొట్టారట. అంతే జరిగింది.

డబ్బు కొట్టేయడం ఒక్కరోజు పని. దానికి ముందు ఏడు వారాలు వాడు కూర్చుని చదివాడు. ఏ బయ్యర్‌కి ఏ ధర, ఎవరు త్వరగా డబ్బిస్తారు, ఎవరు నాన్చుతారు, ఎవరికి ఎంత డిస్కౌంట్, ఏ కంటైనర్ ఎక్కడ రిజెక్ట్ అయింది, అన్నీ. పోయిన డబ్బు గురించి ఊరంతా మాట్లాడుకుంది. ఆ ఏడు వారాల చదువు గురించి యజమాని కూడా అడగలేదు. వాడు డబ్బు దొంగ కాకుండా ఇంకెవరైనా అయ్యుంటే, ఆ శనివారం ఫోన్ నాకు వచ్చేదే కాదు.

విదేశీ సైబర్ దాడి అని పేపర్లో రాసేటప్పుడు మూడు రకాల మనుషుల్ని ఒకే గాట కట్టేస్తారు. ఒకడు డబ్బు కోసం వస్తాడు. ఒకడు చదువుకుపోవడానికి వస్తాడు. ఇంకొకడు పాడుచేయడానికి వస్తాడు. చిక్కేంటంటే ముగ్గురూ వచ్చే గుమ్మం ఒకటే, ఆ పాస్‌వర్డే, ఆ లింకే. లోపలికొచ్చాక ఏం చేశాడన్నదాన్ని బట్టే వాడెవడో తెలిసేది, అదీ తెలిస్తే.

పైగా వీళ్ల మధ్య గీతలు కూడా చెరిగిపోయాయి. దేశాల గూఢచారులు రహస్యాలు దొంగిలిస్తారు, నేరగాళ్లు డబ్బు దొంగిలిస్తారు అనేది పాత లెక్క. 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ కోఆపరేటివ్ బ్యాంకు నుంచి సుమారు 94 కోట్లు పోయాయి, చాలామటుకు 28 దేశాల్లో ఏటీఎంల దగ్గర మనుషులు నిలబడి క్లోన్ కార్డులతో గంటల్లో లాగేశారు. దాని వెనక ఉత్తర కొరియా ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం రాసింది. అంతకు రెండేళ్ల ముందు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకులో దాదాపు 95 కోట్ల డాలర్లకి గురిపెట్టి 8.1 కోట్ల డాలర్లు పట్టుకుపోయిందీ ఆ దేశపు ముఠాయేనని అమెరికా కేసు పెట్టింది. ఆ రెండో కథ ఎలా మొదలైందో తెలుసా? ఉద్యోగం కోసం దరఖాస్తు మెయిల్‌తో. మర్యాదగా రాసిన ఉత్తరం, బయోడేటా ఇక్కడ చూడండని ఒక లింక్.

మనవైపు ఇంటికొక ఇంజినీరు. కాబట్టి ఇది తిరగేసి కూడా చూడాలి. దరఖాస్తు పేరుతో కంపెనీలోకి దూరినవాళ్లే, ఉద్యోగం ఆఫర్ పేరుతో ఇంజినీర్ల దగ్గరికీ వస్తున్నారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డిఫెన్స్, ఫార్మా కంపెనీల్లో పనిచేసే పిల్లలకి లింక్డ్‌ఇన్‌లో ఒక హెచ్ఆర్ తగులుతుంది, రెండు వారాలు చక్కగా మాట్లాడుతుంది, తర్వాత "జీతం వివరాలు ఇందులో ఉన్నాయి" అని ఒక ఫైల్ పంపుతుంది. మనవాడు దాన్ని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తెరుస్తాడు. ఈ పద్ధతికి పరిశోధకులు డ్రీమ్ జాబ్ అని పేరు కూడా పెట్టారు. అమలాపురంలో అమ్మానాన్నలేమో అబ్బాయికి అమెరికా ఆఫర్ వచ్చిందని స్వీట్లు పంచుతుంటారు.

విదేశీ అన్న మాట దగ్గర ఇంకో మెలిక. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు గుర్తుందా, డేటా ఎంట్రీ ఉద్యోగాలని తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, మన కుర్రాళ్లనే కూర్చోబెట్టి మనవాళ్లకే ఫోన్లు చేయించారు. దాడి విదేశం నుంచే, గొంతు మాత్రం మన పక్క వీధిది. దీనికి వ్యతిరేక ఉదాహరణ 2016లో అమెరికా ఇంటర్నెట్‌ని సగం రోజు కుదిపేసిన మిరాయ్ అనే హ్యాకింగ్ ప్రోగ్రాం. ఏ శత్రుదేశమోనని అందరూ హడలిపోయారు, తీరా ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు ముగ్గురు అమెరికా కుర్రాళ్లని తేలింది. ఆ ప్రోగ్రాం వాడుకున్న సైన్యం ఏంటంటే ప్రపంచమంతా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన సీసీ కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టెలు. కోనసీమలో చెరువు షెడ్లలో నేను చూసిన డీవీఆర్లలో యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు లేనివి చాలా తక్కువ.

ఇక చదువుకుపోయేవాడి సంగతి. పారిశ్రామిక గూఢచర్యం అనగానే నల్లకోటు, రహస్య ఫార్ములా గుర్తొస్తాయి. నిజంగా పోయేవి చాలాసార్లు ఎక్సెల్ షీట్లు.

2013లో మాండియంట్ అనే అమెరికా కంపెనీ, షాంఘైలో చైనా సైన్యానికి చెందిన 61398 యూనిట్ కనీసం 141 సంస్థల్లోకి చొరబడిందని నివేదిక ఇచ్చింది. మరుసటేడు ఆ యూనిట్‌కి చెందిన అయిదుగురు అధికారుల మీద అమెరికా నేరారోపణ చేసింది. చైనా ఒప్పుకోలేదు, ఆ అయిదుగురూ కోర్టు మెట్లెక్కిందీ లేదు. కానీ ఆ అభియోగపత్రంలో సోలార్‌వరల్డ్ అనే సౌర పలకల కంపెనీ గురించి రాసింది మన ఎగుమతిదారులు చదవాలి. చైనా పలకలు అమెరికాలో అడ్డగోలు తక్కువ ధరకి అమ్ముతున్నారని డంపింగ్ కేసు నడుస్తున్న కాలంలోనే, ఆ కంపెనీ నుంచి పోయినవాటిలో ఉత్పత్తి ఖర్చులు, చేతిలో ఎంత నగదు ఉందన్న లెక్కలు, లాయర్లతో ఆ కేసు గురించి నడిపిన ఉత్తరాలు ఉన్నాయి. ఎదుటివాడు ఎన్నాళ్లు తట్టుకోగలడో తెలిస్తే బేరం సగం గెలిచినట్టే కదా.

డంపింగ్ కేసు అన్న మాట భీమవరంలో, కాకినాడలో ఎవరికి కొత్త? మన రొయ్య మీద అమెరికా యాంటీ డంపింగ్ సుంకం 2005 నుంచి ఉంది. ఏటా సమీక్ష, అందులో వాళ్లు ఎంచుకున్న కంపెనీలు అమ్మకం ధరలు, ఖర్చులు అన్నీ విప్పి చూపించాలి. అంటే కిలోకి మేత ఎంత, ఐస్ ఎంత, పీలింగ్ కూలి ఎంత, కరెంటు ఎంత అని రూపాయి తేడా లేకుండా రాసిన ఫైళ్లు మన ఆఫీసు కంప్యూటర్లలోనే ఉంటాయి. నేను చూసినంతలో అవి డెస్క్‌టాప్ మీద "కాస్ట్ ఫైనల్ ఫైనల్ టూ" అనే పేరుతో ఉంటాయి, తాళం లేకుండా. మనకి పోటీగా రొయ్యలమ్మే ఈక్వెడార్ వాడికో, మధ్యలో బేరమాడే బయ్యర్‌కో ఆ షీట్ దొరికితే ఎంత విలువో లెక్కేసుకోండి. ఎవరో తీసుకెళ్లారని నేననడం లేదు. తీసుకెళ్తే మనకి తెలిసే దారి లేదంటున్నాను.

విత్తనాల కథ ఇంకా బాగుంటుంది. 2011లో అమెరికాలోని అయోవాలో ఒక మొక్కజొన్న పొలంలో ఎవరో మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వుతుంటే ఆ పొలం చూసే ఉద్యోగి పట్టుకుని అడిగాడు. కంపెనీలు హైబ్రిడ్ తయారీకి వాడే తల్లిదండ్రుల వరసల విత్తనాలకోసం ఆ తవ్వకం. చైనా విత్తన కంపెనీకి పనిచేసిన మో హైలాంగ్ అనే అతనికి ఆ కేసులో 2016లో మూడేళ్ల జైలు పడింది. అందులో హ్యాకింగ్ లేదు, పలుగూ పారా యవ్వారం. పశ్చిమగోదావరి మెట్టలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం వేసిన రైతుని అడగండి, మగ వరసలు, ఆడ వరసలు, జల్లు తీయడం ఎంత జాగ్రత్తగా చేయిస్తారో. ఏళ్ల తరబడి పరిశోధన ఆ నాలుగు గింజల్లో ఉంటుంది మరి.

రొయ్య పిల్లల్ని తయారుచేసే హేచరీల్లోనూ అంతే. పిల్ల బతుకుబాటు పెంచే పద్ధతి, మేత వేసే వేళలు, నీళ్లలో ఏం ఎంత కలుపుతారన్నది ఒక టెక్నీషియన్ ఫోన్ గ్యాలరీలో ఉంటుంది. అతను మానేసి పక్క హేచరీకి వెళ్తే దాన్ని మనవాళ్లు గూఢచర్యం అనరు, "ఆడు మంచి పనోడండి" అంటారు. చట్టం కూడా ఇక్కడ కాస్త పలచనే. వ్యాపార రహస్యాలకంటూ మన దేశంలో విడిగా చట్టం లేదు, ఒప్పందాల చట్టం మీదా, కోర్టు తీర్పుల మీదా నెట్టుకొస్తున్నాం. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో దీనికోసమే కొత్త చట్టం కావాలని సిఫారసు చేసింది. అది వచ్చేలోపు, చేరేరోజు ఒక కాగితం మీద సంతకం, మానేసేరోజు పాస్‌వర్డ్ మార్పు, ఈ రెండూ అయినా చేసుకోవాలి. రెండోది ఎవరూ చేయరు. రెండేళ్ల కిందట మానేసిన కుర్రాడి ఫోన్‌లో ఆఫీసు మెయిల్ ఇంకా మోగుతూనే ఉంటుంది.

"మనం రొయ్యలమ్ముకునేవాళ్లం బాబూ, మనతో ఎవడికేం పని?" అన్నారు ఆ కంపెనీ యజమాని, డబ్బు పోయాక కూడా. ఆయన్ని తప్పుపట్టను, అందరూ ఇదే అంటారు. ఆయనకి నేను చెప్పింది తెల్లమచ్చ సంగతి. తొంభైల మధ్యలో టైగర్ రొయ్యల మీద వైట్ స్పాట్ వచ్చినప్పుడు ఎన్ని చెరువులు ఖాళీ అయ్యాయో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. వైరస్ నీ చెరువు ఎన్నెకరాలని చూసి రాలేదు. పై చెరువువాడు జబ్బు నీళ్లు కాలువలోకి వదిలాడు, కింద వాడు మోటారు పెట్టి తోడుకున్నాడు. ఇప్పుడు గట్టు చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన కాకులు వాలకుండా వల, తోడిన నీళ్లకి బ్లీచింగ్, షెడ్డు ముందు కాళ్లు ముంచుకునే తొట్టి, అన్నీ ఉన్నాయి. అంత తెలిసినవాళ్లం, ఆఫీసుకొచ్చేసరికి ఎవడి పెన్‌డ్రైవ్ ఇచ్చినా గుచ్చేస్తాం.

ఎగువ నుంచి జబ్బు దిగడం అంటే నాట్‌పెట్యా అనే కంప్యూటర్ వైరస్. 2017 జూన్ 27న యుక్రెయిన్‌లో ఎం.ఈ.డాక్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రూపంలో అది దిగింది. మన టాలీ లాంటిదనుకోండి, అక్కడ పన్నులు కట్టాలంటే చాలామందికి అది ఉండాల్సిందే. గురి యుక్రెయిన్ మీద, చేయించింది రష్యా సైన్యమని అమెరికా, బ్రిటన్ తేల్చాయి. కానీ ఆ దేశంలో ఒక్క ఆఫీసున్న విదేశీ కంపెనీలు చాలావాటికీ పాకింది. మన రొయ్యల కంటైనర్లు మోసే మార్స్క్ సంస్థలో 45 వేల కంప్యూటర్లు, 4 వేల సర్వర్లు పది రోజుల్లో మళ్లీ మొదట్నుంచి కట్టుకోవాల్సి వచ్చింది. ముంబై జేఎన్‌పీటీ రేవులో వాళ్ల టెర్మినల్ ఆగిపోయింది, లారీలు బారులు తీరాయి. అది డబ్బు అడిగినట్టు నటించింది తప్ప, కట్టినా ఫైళ్లు తిరిగొచ్చే ఏర్పాటే అందులో లేదు. ఇది మూడోవాడి పని, పాడుచేసేవాడిది.

మార్స్క్‌ని కాపాడింది ఏంటో చెబితే మనవైపు అందరూ నవ్వుతారు. కరెంటు కోత. కంపెనీ మొత్తానికి ఏ మనిషికి ఏ తలుపు తెరవాలో రాసి ఉండే డొమైన్ కంట్రోలర్ సర్వర్లు ప్రపంచమంతా తుడిచిపెట్టుకుపోతే, ఆఫ్రికాలో ఘనా ఆఫీసుది ఒక్కటి మిగిలింది. వైరస్ పాకే సమయానికి అక్కడ కరెంటు లేదు, యంత్రం ఆగి ఉంది. ఆ డిస్క్‌ని బ్రిటన్ తీసుకెళ్దామంటే ఘనా ఉద్యోగులకి వీసా లేదు, ఒకతను విమానంలో నైజీరియా వెళ్లి ఇంకొకరి చేతికిస్తే వాళ్లు లండన్ చేర్చారు. బ్యాకప్ అంటే అదీ. తీగ పీకేసి ఉండాలి. ఎప్పుడూ కంప్యూటర్‌కి గుచ్చి ఉంచిన హార్డ్‌డిస్క్ బ్యాకప్ కాదు, దానితోపాటు మునిగే ఇంకో పడవ.

చిన్నవాళ్లని వదిలేయరు అనడానికి ఇంకొక్క ఉదాహరణ చాలు. 2013లో అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ నుంచి నాలుగు కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు ముందు చేజిక్కించుకున్నది ఆ సంస్థకి ఫ్రిజ్, ఏసీ పనులు చేసే ఒక చిన్న కాంట్రాక్టర్ పాస్‌వర్డ్‌ని. ఇక్కడ రొయ్యల్ని విడివిడిగా గడ్డకట్టించే ఐక్యూఎఫ్ ఫ్రీజర్ బాగుచేసే మెకానిక్ దూరం నుంచి చూస్తానని, మన కంప్యూటర్‌ని ఎక్కడి నుంచైనా నడిపించే ఎనీడెస్క్ పెట్టించి వెళ్తాడు, అది అలాగే నెలల తరబడి తెరిచి ఉంటుంది.

సరే, ఏం చేయాలి? పెద్ద కంపెనీలకి మనుషులున్నారు. పది కంప్యూటర్ల ఆఫీసుకి నేను చెప్పేది చాలా తక్కువ. మెయిల్‌కి రెండో తాళం పెట్టండి, పాస్‌వర్డ్ పోయినా ఫోన్‌లో అప్రూవ్ చేస్తే తప్ప తెరుచుకోకూడదు. "ఎక్స్‌పోర్ట్స్" అనే ఒకే మెయిల్‌ని అయిదుగురు వాడటం మానండి. క్రాక్ సాఫ్ట్‌వేర్ వద్దు. ఈ ముక్క అంటే ముఖం మాడ్చుకుంటారు గానీ, క్రాక్ వేసేటప్పుడు అది అడిగే మొదటి పని యాంటీవైరస్ ఆపేయమని. కోటిన్నర కంటైనర్ పంపేవాళ్లు విండోస్ కొనడానికి నాతో బేరమాడతారు. నెలకోసారి మెయిల్ రూల్స్ తెరిచి చూడండి, అయిదు నిమిషాల పని.

అకౌంట్ నంబర్ మారిందని మెయిల్ వస్తే అది అబద్ధం అనే లెక్కతో మొదలుపెట్టాలి. మీ దగ్గర పాతికేళ్లుగా ఉన్న నంబర్‌కి ఫోన్ చేయాలి, ఆ మెయిల్ కింద రాసిన నంబర్‌కి కాదు, అక్కడ ఎత్తేదీ వాడే. ఈ రకం మెయిల్ మోసాల్లో పోయిందంటూ ఒక్క 2023లో అమెరికా ఎఫ్‌బీఐకి వచ్చిన ఫిర్యాదుల మొత్తమే సుమారు 290 కోట్ల డాలర్లు. చెప్పుకోనివాళ్ల లెక్క అందులో రాదు.

చెప్పుకోకపోవడం మనవైపు పెద్ద జబ్బు. పరువు పోతుందని, బయ్యర్‌కి అనుమానం వస్తుందని, బ్యాంకువాడు పరిమితి తగ్గిస్తాడని నోరు మూసుకుంటారు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, అవతల డబ్బు వేసిన బయ్యర్ తన బ్యాంకుకి వెనక్కి రప్పించమని అదే గంటలో రాయాలి, ఇవాళ శనివారం కదా సోమవారం చూద్దాం అంటే కుదరదు. కంప్యూటర్లలోకి ఎవడో చొరబడ్డాడని తెలిస్తే ఆరు గంటల్లో సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థకి తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన నిబంధనే ఉంది. ఆడిటర్లకే చాలామందికి ఇది తెలియదు.

మా కథలో ఆలస్యమే జరిగింది. సోమవారానికి ఆ డబ్బు రెండు బ్యాంకులు దాటిపోయింది. తప్పు నీదంటే నీదని నెలన్నర మెయిళ్లు నడిచాక, ఆ కంటైనర్ నష్టాన్ని చెరిసగం వేసుకున్నారు.

ఇప్పుడు ఆ ఆఫీసులో వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన బయ్యర్ల ఫోన్ నంబర్లు రాసిన కాగితం అంటించి ఉంది. గొంతు కూడా కంప్యూటర్‌తో అనుకరిస్తున్నారని నేను చెప్పాక, అకౌంటెంట్ గారు ఒక ప్రశ్న కనిపెట్టారు. బయ్యర్ ఎత్తగానే, కిందటిసారి ఏ కౌంట్‌లో బరువు తగ్గిందన్నారో చెప్పండి సార్ అని అడుగుతారు. ఆ గొడవంతా ఫోన్‌లోనే నడిచింది, మెయిల్‌లో ఎక్కడా ముక్క లేదు. అసలు బయ్యరైతే తడుముకోడు, అడిగినప్పుడల్లా దానికి మళ్లీ డిస్కౌంట్ కూడా అడుగుతున్నాడట.